కూల్‌డ్రింక్ సీసాలో పురుగుల మందు పోయమంటే?

ప్రశ్న: నమస్తే సార్. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఎరువులు, పురుగుల మందులు అమ్మే దుకాణంలో పని చేస్తున్నాను. కొంచెం చాలన్న పత్తి రైతులకు పెద్ద డబ్బాలోంచి కూల్‌డ్రింక్ సీసాలోకి వంచి ఇవ్వమంటాడు సేటు. గోదాము కిటికీ ఎప్పుడూ మూసే ఉంటుంది, మధ్యాహ్నం అన్నం కూడా అక్కడే తింటాను. సాయంత్రానికి తలనొప్పి, నోట్లో ఒకటే నీళ్లు ఊరడం. డబ్బా మీద రాత చదువుదామంటే నాకు తెలుగే వచ్చు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: తమ్ముడూ, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లు, మిగతావన్నీ తర్వాత. తలనొప్పి, నోట్లో నీళ్లూరడం, చెమటలు, చూపు మసకబారడం ఇవన్నీ మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందులు ఒంట్లోకి చేరితే కనిపించే లక్షణాలు, వేరే కారణమూ ఉండొచ్చు కానీ నీ పనికి ముందు అనుమానించాల్సింది ఇదే. దుకాణంలో ఏయే మందులు వంచుతున్నావో పేర్లు రాసుకెళ్లి, రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష (ఈ మందులు దెబ్బతీసే ఎంజైమ్ ఎంత ఉందో చూసే పరీక్ష) చేయమని అడుగు.

ఇక ఆ సీసాల సంగతి. వంచడం ఈరోజే ఆపేయ్. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం ప్రకారం లేబుల్ ఉన్న అసలు ప్యాకింగ్‌లోనే అమ్మాలి, లూజుగా అమ్మితే సేటు లైసెన్సుకే ముప్పు, ఆ మాట ఆయనకు మెల్లగా చెప్పు. చిన్న ప్యాకింగులు కంపెనీలే చేస్తాయి, అవి తెప్పించమను. కూల్‌డ్రింక్ సీసా ఇంటికెళ్తే దాహమేసిన పిల్లాడికి తేడా ఏం తెలుస్తుంది? 2013లో బీహార్ సారణ్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు ల్యాబ్‌లో తేలింది.

మందు నోట్లోంచే పోతుందనుకోకు. చర్మంలోంచి, ఊపిరిలోంచి కూడా పోతుంది. మీ రాష్ట్రంలోనే యవత్మాల్‌లో 2017లో పత్తికి మందు కొట్టినవాళ్లు 20 మందికి పైగా చనిపోయారు. ముఖానికి కట్టుకున్న రుమాలు ఆవిరిని ఆపదు, గుడ్డ గ్లౌజులైతే మందు పీల్చుకుని చేతికే అంటిపెట్టుకుని ఉంటాయి. నైట్రైల్ రబ్బరు గ్లౌజులు అడుగు, కిటికీ తెరిపించు, అన్నం బయట తిను, తినేముందు సబ్బుతో చేతులు కడుక్కో, పని బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకొద్దు.

చదవడం రాకపోయినా లేబుల్ మీది రంగు చూడొచ్చు. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తాగినా ఏం కాదని కాదు. ద్రవాల డబ్బాలు కింది అరలో, పొడులు పైన పెట్టు. కారితే నీళ్లతో కడగొద్దు, మట్టో రంపపు పొట్టో చల్లి ఎత్తేయ్.

ఒంటి మీద పడితే ఆ బట్టలు వెంటనే విప్పేసి సబ్బునీళ్లతో బాగా కడుక్కో. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, డబ్బాను లేబుల్‌తో సహా పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.