పోపు ఘాటుకు మోగని స్మోక్ అలారం

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో రెండు పడకగదుల ఫ్లాట్. రాత్రుళ్లు హాల్లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ ఛార్జింగ్ పెడతాం. అందుకే స్మోక్ అలారం కొనాలనుకుంటున్నాం. పోపు పెట్టినా, సాంబ్రాణి వేసినా మోగుతుందేమోనని మావారి అనుమానం. ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఫోటోఎలక్ట్రిక్ రకం తీసుకోండి. లోపలి కాంతి పొగకు తగిలి చెదిరితే ఇది మోగుతుంది. పరుపో సోఫానో మంట లేకుండా లోలోపల రాజుకునేటప్పుడు వచ్చే పొగను త్వరగా పట్టేస్తుంది. అయొనైజేషన్ రకం భగ్గున లేచే మంటను కాస్త ముందు పసిగట్టినా, వంట పొగకు ఊరికే మోగుతుంది. విసుగెత్తి బ్యాటరీ పీకేస్తారు, ఇక అది గోడకున్న బొమ్మే.

కొనేటప్పుడు చాలామంది పొరబడేది ఒకచోట. ఆఫీసుల్లో ఫైర్ అలారం ప్యానెల్‌కు కలిపే డిటెక్టర్లు చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటాయి. వాటిలో చాలావాటికి సొంత సైరన్ ఉండదు, 24 వోల్టుల వైరింగ్ కావాలి. పెట్టె మీద ‘స్టాండలోన్’ (ప్యానెల్ లేకుండా విడిగా పనిచేసేది) అని, ‘ఈఎన్ 14604’ (యూరప్ ప్రమాణం) లేదా ‘యూఎల్ 217’ (అమెరికా ప్రమాణం) అని ఉంటేనే కొనండి. 3 మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్ మోత ఉండాలి.

మీ ఇంటికి మూడు కావాలి: పడకగదికొకటి, హాల్లో ఒకటి. ఒకటి మోగితే మిగతావీ మోగేలా వైర్‌లెస్‌తో కలిసేవైతే మరీ మంచిది, తలుపులు వేసుకుని పడుకున్నా వినిపిస్తుంది. పొగ పైకి చేరుతుంది కాబట్టి సీలింగ్‌కే బిగించాలి. మన గదుల్లో నడిమధ్య ఫ్యానుంటుంది, దాని గాలికి పొగ చెదిరిపోతుంది. రెక్క చివరి నుంచి కనీసం 3 అడుగులు వదలండి. గోడ మూలకు 4 అంగుళాల లోపు వద్దు. పొయ్యికి 10 అడుగులు దూరం పెట్టండి, దేవుడి గది ముందూ, ఏసీ గాలి తగిలేచోటా వద్దు.

గ్యాస్ లీకైతే ఇది మోగదు. సిలిండర్‌లో వచ్చే వంటగ్యాస్ గాలికన్నా బరువు, కిందే పేరుకుంటుంది. దానికి వేరే అలారం, నేలకు అడుగు ఎత్తులో.

నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. నిమిషానికోసారి ‘కీచ్’మంటే బ్యాటరీ అయిపోతున్నట్టు. దుమ్ము, చిన్న పురుగులు దూరినా ఊరికే మోగుతుంది, మెత్తని బ్రష్షుతో దులపండి. సున్నాలు, రంగులు వేయించేటప్పుడు ప్లాస్టిక్ కవరు తొడిగి, పని కాగానే తీసేయండి. తయారైన తేదీ నుంచి 10 ఏళ్లకు అలారాన్నే మార్చాలి.

స్కూటర్ బ్యాటరీ సంగతి మాత్రం అలారానికి వదిలేయకండి. లిథియం బ్యాటరీ అంటుకుంటే క్షణాల్లో గది పొగతో నిండిపోతుంది. మెలకువగా ఉన్నప్పుడే ఛార్జింగ్ పెట్టండి, బయటికి వెళ్లే దారిలో అసలే వద్దు.