బాగా చదివే బాబు బడికి వెళ్ళనని ఏడుస్తుంటే: చదువా, సంతోషమా?

మీ బాబు మూడో తరగతి, మార్కులు బాగానే వస్తున్నాయి, అయినా పొద్దున్నే కడుపు నొప్పంటూ బడికి వెళ్ళనని ఏడుస్తున్నాడని రాశారు. ఈ వయసులో చదువు గట్టిగా పట్టించాలా, సంతోషంగా ఉంటే చాలని వదిలేయాలా అని అడిగారు. నేను ఇద్దరు పిల్లల తల్లిని. ప్రస్తుతం టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. చిన్న తరగతుల్లో వెనక కూర్చుని పాఠాలు గమనిస్తున్నాను, కొన్ని నేనూ చెబుతున్నాను. ఇంట్లో చూసినదీ తరగతిలో చూసినదీ కలిపి రాస్తున్నాను.

ముందు ఆ కడుపు నొప్పి సంగతి. దయచేసి దాన్ని నాటకం అనుకోకండి. "నాకు ఆందోళనగా ఉంది" అని విడమరచి చెప్పగలిగే వయసు కాదది. అందుకే భయం కడుపు నొప్పిగానో తలనొప్పిగానో బయటపడుతుంది. నొప్పి మాత్రం నిజమైన నొప్పే. వేరే జబ్బేమీ లేదని తేల్చుకోవడానికి ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక చదువా సంతోషమా అన్నది. అసలు ఈ రెండిటికీ పోటీ పెట్టాల్సిన పనే లేదని నా నమ్మకం. భయపడుతున్న పిల్లాడికి చదువు సరిగ్గా ఎక్కదు, అది వాడి చేతిలో ఉన్న విషయం కూడా కాదు. నోటి లెక్క చేయాలంటే అంకెల్ని కాసేపు మనసులో పట్టి ఉంచుకోవాలి. దీన్నే వర్కింగ్ మెమరీ అంటారు. అందులో పట్టేది చాలా కొంచెం. "తప్పు చెబితే నవ్వుతారేమో" అన్న ఆలోచన కూడా వచ్చి ఆ కాస్త చోటులోనే కూర్చుంటుంది. ఇంట్లో ఎక్కాలు గడగడా అప్పజెప్పిన పిల్లలు బోర్డు దగ్గర నిలబడగానే బిక్కమొహం వేయడానికి చాలాసార్లు కారణం ఇదే. కాబట్టి పిల్లల మానసిక ఆరోగ్యాన్ని వారానికో పీరియడ్ కేటాయించి చెప్పే వేరే పాఠంగా నేను చూడను. ప్రశ్న ఎలా అడుగుతాం, తప్పు చెప్పినప్పుడు ఏమంటాం, పేపరు ఎలా దిద్దుతాం అన్నవాటిలోనే అది ఉంది.

వెనక బెంచీ నుంచి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. టీచర్ ప్రశ్న అడుగుతారు. ఒక పాప పెదాలు కదుపుతూ, బల్ల కింద వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఆ వేళ్ళు పూర్తిగా మడిచేలోపే "ఊఁ, తర్వాత ఎవరు?" అని ప్రశ్న పక్కవాళ్ళకు వెళ్ళిపోతుంది. పాప లెక్కపెట్టడం ఆపేస్తుంది. రోజూ ఇలాగే జరిగితే కొన్నాళ్ళకు ఆ పాప వేళ్ళు మడవడమే మానేస్తుంది. అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో 1970లలో తరగతి గదుల సంభాషణలు రికార్డు చేసి ఈ విషయాన్నే పరిశీలించారు. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకను, అంతే. దాన్ని 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అడక్కుండానే మాట్లాడేవాళ్ళు పెరిగారు, జవాబే చెప్పకుండా ఉండిపోవడం తగ్గింది.

చదివినప్పుడు ఇంత సులువా అనిపిస్తుంది గానీ, తరగతి ముందు నిలబడితే ఆ మూడు సెకన్లు చాలా పొడుగ్గా ఉంటాయి. ముందు వరుసలో చేతులు ఊగుతుంటాయి, "నేను చెప్తా, నేను చెప్తా" అని గోల. ఆ చేతులు దించమని చెప్పి, మనసులో మూడు లెక్కపెట్టుకుంటాను. "మధ్యాహ్నం మన నీడ ఎందుకు పొట్టిగా ఉంటుంది?" అని అడిగిన రోజు, అప్పటిదాకా నా ముందు నోరు విప్పని ఒక బాబు నెమ్మదిగా అన్నాడు: "సూర్యుడు నెత్తి మీద ఉంటాడు కదా టీచర్, అందుకే నీడ కాళ్ళ కిందకి పోతుంది." పుస్తకంలోని వాక్యం కన్నా నాకు ఆ వాక్యమే నచ్చింది. ఆ బాబుకు జవాబు తెలియక కాదు అన్నాళ్ళూ ఊరుకున్నది.

ఇంట్లో కూడా ఇది పనికొస్తుంది. ప్రశ్న అడిగి మనమే అందించేయకుండా, గడియారం చూడకుండా, కాసేపు ఆగండి.

మార్కుల గురించి ఇంకాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ బాబుకు మార్కులు బాగానే వస్తున్నా ఏడుస్తున్నాడు. ఇజ్రాయెల్‌లో 5, 6 తరగతుల పిల్లల మీద రూత్ బట్లర్ చేసిన అధ్యయనం 1988లో వెలువడింది. కొందరికి వాళ్ళ పని గురించి వ్యాఖ్య మాత్రమే రాసిచ్చారు, కొందరికి మార్కులు మాత్రమే, ఇంకొందరికి రెండూ. వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లల్లో ఆసక్తి నిలిచింది, పనీ మెరుగైంది. రెండూ ఇచ్చినవాళ్ళకు ఆ లాభం దక్కలేదు. పక్కన మార్కు ఉంటే వ్యాఖ్య వల్ల వచ్చే మేలు పోతోందన్నమాట. తక్కువ మార్కుల పిల్లల్లో ఆసక్తి పడిపోవడం మరీ స్పష్టంగా కనిపించింది.

మా పెద్దమ్మాయి పేపరు తేగానే మేం అంకె జోలికి వెళ్ళం. తప్పు చేసిన ఒక లెక్క తీసి, "ఇది ఎలా చేశావో నాకు చెప్పు" అంటాను. ఒకసారి 52లోంచి 38 తీసేస్తే 26 అని రాసింది. అడిగితే, "రెండులోంచి ఎనిమిది పోదుగా, అందుకే ఎనిమిదిలోంచి రెండు తీశాను" అంది. చూడండి, అది అజాగ్రత్త కాదు. పెద్దదాంట్లోంచి చిన్నదే తీయాలని తను పెట్టుకున్న నియమం, దాన్ని నిజాయితీగా పాటించింది. ఆ లెక్క పక్కన ఎర్ర ఇంకుతో తప్పు గుర్తు పెడితే ఆ నియమం అలాగే ఉండిపోతుంది. అగ్గిపుల్లల కట్ట ఒకటి విప్పి పదిని విడదీసి చూపిస్తే పోతుంది. నేను టీచరునయ్యాక దిద్దే ప్రతి పుస్తకంలోనూ ఒక్క తప్పు వెనకున్న ఆలోచననైనా పట్టుకోవాలని గట్టిగా అనుకుంటున్నాను.

నిద్ర కూడా చూసుకోండి. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. హోంవర్క్ దాన్ని తినేస్తుంటే టీచరుకు ఆ మాట చెప్పాల్సింది మీరే. ఆట సంగతికొస్తే, విశ్రాంతి, ఆట పిల్లల హక్కులని ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలోనే ఉంది. బాగా చదివితే ఇచ్చే బహుమతిగా, చదవకపోతే తీసేసే శిక్షగా ఆటను వాడకండి.

ఇప్పుడు మీరు చేయగలిగినవి. పొద్దున హడావిడిలో "ఎందుకు ఏడుస్తున్నావ్?" అని అడిగితే ఏమీ రాదు. సాయంత్రం వాడు బొమ్మ గీసుకుంటున్నప్పుడో, పక్కన నడుస్తున్నప్పుడో "బడిలో ఏ టైమ్ అస్సలు నచ్చదు?" అని అడగండి. కారణం చదువు కాకపోవచ్చు కూడా. టాయిలెట్‌కు వెళ్ళడానికి భయం, బస్సులో ఎవరో ఏడిపించడం, విరామంలో ఆడుకోవడానికి తోడు లేకపోవడం, ఇవన్నీ పొద్దుటి కడుపు నొప్పికి దారితీస్తాయి. టీచరును కలిసినప్పుడు మార్కుల మాట పక్కన పెట్టి, వాడు తప్పు చెప్పినప్పుడు తరగతిలో ఏం జరుగుతుందో, విరామంలో ఎవరితో ఉంటాడో అడగండి. పిల్లల్ని నిజంగా చూసే టీచరు ఈ రెండిటికీ జవాబు చెప్పగలరు.

జాలిపడి వారాల తరబడి మాన్పించకండి, మానేకొద్దీ తిరిగి వెళ్ళడం మరింత కష్టమవుతుంది. మొదట్లో గేటు దాకా తోడు వెళ్ళడమో, లోపల తనకు నచ్చిన ఒక పెద్దవాళ్ళు ఎదురొచ్చి చేయి పట్టుకు తీసుకెళ్ళడమో ఏర్పాటు చేయండి. ఎవరైనా కొడుతున్నారనో బెదిరిస్తున్నారనో తెలిస్తే మాత్రం వాణ్ణి సర్దుకోమనకుండా ఆ రోజే బడితో తేల్చుకోండి. సెలవుల్లో కూడా దిగులుగా ఉన్నా, తిండీ నిద్రా మారిపోయినా, ఇష్టమైన ఆటలు మానేసినా పిల్లల మానసిక నిపుణులకు చూపించడం ఆలస్యం చేయకండి.