డ్రైవర్ లేని లారీలు వస్తున్నాయట, అబ్బాయిని ఈ లైన్లోకి రానివ్వాలా?

ప్రశ్న: మాది నాయుడుపేట దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా చెన్నై మణలిలో ఉంటున్నాం. సొంత ట్రైలర్లు రెండు, ఒకటి నేనే తోలతాను. ఎన్నూరు, కాట్టుపల్లి పోర్టుల నుంచి కంటైనర్లు తిప్పుతాం. అబ్బాయి బీకాం రెండో ఏడు, చదువయ్యాక బండ్ల వ్యాపారమే చేస్తానంటాడు. అమెరికాలో డ్రైవర్ లేకుండా లారీలు పోతున్న వీడియోలు చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. స్టీరింగ్ జోలికి పోకుండా ఏదో ఒక సీఎఫ్‌ఎస్‌లో (పోర్టు బయట కంటైనర్లు దించి సరుకు ఎక్కించే, దించే యార్డులో) కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం చూసుకుంటే వాడికి భద్రం కదా? ఒక బండి అమ్మి ఏఐ లాజిస్టిక్స్ కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నా. అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదువుతోంది, దాని గురించి బెంగ లేదు.

జవాబు: నమస్కారమండి. మీరు చూసిన వీడియోలు నిజమైనవే కావచ్చు. అరోరా అనే కంపెనీ 2025లో టెక్సస్‌లోని డాలస్, హ్యూస్టన్ నగరాల మధ్య మనిషి లేకుండా సరుకు లారీలు నడపడం మొదలుపెట్టింది. అయితే కొద్ది వారాలకే, లారీ తయారుచేసిన సంస్థ కోరిందని, డ్రైవర్ సీట్లో మళ్లీ ఒక మనిషిని కూర్చోబెట్టారు. ఆయన బండి తోలడు, చూస్తూ ఉంటాడంతే. ఇదే పనిలోకి దిగిన ఎంబార్క్ 2023లో చేతులెత్తేసింది. గూగుల్ వాళ్ల వేమో కూడా అదే ఏడు లారీలను పక్కనపెట్టి ట్యాక్సీల మీదే పడింది. వీడియోల్లో ఈ సగం కనబడదు.

అక్కడి వాళ్లు అంత డబ్బు ఎందుకు పోస్తున్నారో చూడండి. అమెరికా చట్టం ప్రకారం లారీ డ్రైవర్ 10 గంటల విశ్రాంతి తర్వాతే బండి ఎక్కాలి, ఆపైన 11 గంటలకు మించి తోలకూడదు. యంత్రానికి ఆ గడువు లేదు, రాత్రీ పగలూ పోతుంది. పైగా అక్కడ డ్రైవర్ జీతం బాడుగలో పెద్ద వాటా. మన దగ్గర బాడుగను మింగేది డీజిలు, టోలు, టైర్లు, ఈఎంఐ. ఈ లెక్క నాకన్నా మీకే బాగా తెలుసు. డ్రైవర్ జీతం, బత్తా మిగుల్చుకోవడానికి బండి నిండా కెమెరాలు, సెన్సర్లు బిగిస్తే ఏ ఓనరుకు గిట్టుబాటు అవుతుంది? ఇక మన రోడ్డు సంగతి. నెల్లూరు హైవేలో రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకును, సర్వీసు రోడ్డు నుంచి ఉన్నట్టుండి ఎక్కే ట్రాక్టరును, కోతల కాలంలో రోడ్డు అంచున ఆరబోసిన వడ్లను రోజూ చూసేవారు మీరు. కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ డ్రైవర్ల బతుకుతెరువు పోతుందని, డ్రైవర్ లేని కార్లను దేశంలోకి రానివ్వనని 2023 డిసెంబరులోనే అన్నారు. మంత్రి మాటను నమ్ముకుని జీవితం ప్లాన్ చేసుకోమని నేను చెప్పను గానీ, ఓపెన్ రోడ్డు మీద మీ అబ్బాయి తరం స్టీరింగును యంత్రం లాక్కుంటుందని నేను అనుకోవడం లేదు.

నాకు భయమేసింది మీరు భద్రం అనుకుంటున్న ఆ కంప్యూటర్ కుర్చీ గురించి.

గేటు దగ్గర జరిగేది గుర్తు తెచ్చుకోండి. మీరు బండి ఆపుతారు, కాగితాలు ఇస్తారు. గుమాస్తా కంటైనర్ నంబరు చూసి రాసుకుంటాడు. నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర పెట్టెలో ఒంటరిగా ఇంకో అంకె. ఆ చివరి అంకె ముందున్న పది గుర్తుల నుంచి లెక్కగట్టి వచ్చేది. రాయడంలో ఎక్కడైనా పొరపాటు పడితే దాదాపుగా అక్కడే దొరికిపోతుంది. తర్వాత సీలు నంబరు, బండి నంబరు, పెట్టెకు సొట్ట ఉంటే ఫోటో. ఇదంతా ఇప్పుడు గేటు కమానుకు బిగించిన కెమెరాలు బండి కదులుతుండగానే చదివేయగలవు. నంబరు సరిగా చదివిందో లేదో ఆ చివరి అంకే దానికీ చెబుతుంది. చూసింది చూసినట్టు టైపు చేసే ఉద్యోగానికి మిగిలేదేమిటి?

చెన్నైలో ఇది ఒకసారి జరిగిపోయింది కూడా. 2020 జూన్ 8న కస్టమ్స్ వాళ్లు ముఖం చూడకుండా బిల్లులు పరిశీలించే పద్ధతిని మొదట బెంగళూరు, చెన్నైలలోనే పెట్టారు. ఆ అక్టోబరు చివరికల్లా దేశమంతా వచ్చేసింది. ఇక్కడ వేసిన బిల్ ఆఫ్ ఎంట్రీని, అంటే దిగుమతి సరుకు వివరాల పత్రాన్ని, వేరే ఊరి అధికారి స్క్రీన్ మీద చూస్తున్నాడు. ఫైలు చంకన పెట్టుకుని రాజాజీ సాలై కస్టమ్ హౌస్ మెట్లెక్కి దిగడమే ఉద్యోగంగా బతికిన కుర్రాళ్ల పని అలా చాలావరకు పోయింది. లారీలేమో తిరుగుతూనే ఉన్నాయి.

మరి బాబు ఏం చేయాలి? బీకాం పూర్తి చేయనివ్వండి. చదువుతూనే ఒక కస్టమ్స్ బ్రోకర్ (సరుకు యజమాని తరఫున కస్టమ్స్ పని చూసే లైసెన్సుదారు) దగ్గర చేరమనండి, మొదట్లో హెచ్ కార్డుతో, అంటే పరీక్ష రాయని సహాయకుడికిచ్చే గుర్తింపు కార్డుతో. పరీక్ష రాస్తే జి కార్డు వస్తుంది. డిగ్రీతో పాటు జి కార్డు మీద కనీసం రెండేళ్ల అనుభవం ఉంటే సొంత లైసెన్సు పరీక్షకు అర్హత. కష్టమైన పరీక్షే, మొదటిసారికే అయిపోవాలని పట్టుపట్టకండి. ఆ పనిలో అసలు విలువ సరుకు ఏ హెచ్‌ఎస్ కోడ్ (సుంకం తేల్చడానికి సరుకు రకానికిచ్చే నంబరు) కిందికి వస్తుందో తేల్చడంలో, పోర్టులో ఇరుక్కున్న పెట్టెను డెమరేజ్ (గడువు దాటి ఉంచినందుకు పడే రుసుము) పెరగకముందే బయటికి తేవడంలో ఉంటుంది. శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ మేనేజర్ అర్ధరాత్రి ఫోన్ చేసేది అలాంటి మనిషికే. దాని పక్కన మీ రెండు ట్రైలర్లు ఉంటే క్లియరెన్సు, బండి ఒకే చేతిలో ఉంటాయి, మధ్యలో ఇంకో దళారికి కమీషన్ పోదు. ఈ వ్యాపారం మీద వాడికున్న ఇష్టాన్ని మీరు తక్కువగా చూడకండి. ఈ లైన్లో ఇష్టంతో వచ్చే పిల్లలు బాగా తగ్గిపోయారు.

రోజంతా స్టీరింగ్ పట్టుకునే బతుకు మాత్రం వాడికి వద్దనే నేనూ అంటాను, కారణం యంత్రం కాదు. నడుము నొప్పి, షుగరు, నిద్ర లేని రాత్రులు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అనేది, పోర్టు క్యూలో ఆ చట్టం ఎవరికి గుర్తుండేది? 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. అది ఎప్పుడో రావాల్సింది.

ఇప్పుడు మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన మీ అమ్మాయి సంగతి. ఆటోమేషన్ వల్ల మీ ఇంట్లో ఎక్కువ లాభపడగలిగింది ఆ అమ్మాయే. కేరళలో 2025 మేలో ప్రారంభమైన విళింజం పోర్టులో యార్డు క్రేన్లను పైనున్న క్యాబిన్ ఎక్కి నడపరు, కంట్రోల్ రూములో స్క్రీన్ల ముందు కూర్చుని నడుపుతారు. ఆ కుర్చీల్లో చుట్టుపక్కల మత్స్యకార కుటుంబాల ఆడపిల్లలు ఉన్నారు. క్రేను మనిషి లేకుండా కదిలినా దాని మోటార్లు, డ్రైవులు (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరాలు), సెన్సర్లు చెడిపోకుండా ఉండవు. వాటిని విప్పి బాగుచేయాలంటే ఎలక్ట్రికల్ తెలిసినవాళ్లే కావాలి. చివరి ఏడాదిలో పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్), డ్రైవుల మీద ప్రాజెక్టు తీసుకోమని చెప్పండి. ఎన్నూరు, కాట్టుపల్లి టెర్మినళ్లలో అప్రెంటిస్‌కు దరఖాస్తు పెట్టించండి. మగవాళ్ల చోటు అని ఎవరైనా అంటే పట్టించుకోవద్దు.

బండి మాత్రం అమ్మకండి. నెలనెలా సంపాదించే ఆస్తిని, పేరులో ఏఐ ఉందని ఒక సర్టిఫికెట్ కోసం వదులుకోవద్దు. ఇప్పటికే అడ్వాన్సు కట్టి ఉంటే వెనక్కి అడగండి. ఇంకా కట్టకపోతే, ఆ కోర్సు చేసి ఉద్యోగంలో చేరిన ముగ్గురి ఫోన్ నంబర్లు ఇమ్మనండి. ఇస్తే మీరు కాకుండా అబ్బాయితో మాట్లాడించండి. జీతమెంత అని కాదు, పొద్దున్నించి సాయంత్రం దాకా ఏం పని చేస్తున్నారో అడగమనండి. చూసి టైపు చేయడమే అని తేలితే ఆ ఫీజుతో మీ రెండో బండికి టైర్లు మార్పించండి.