ఒకే బంతిలో కూర్చోబెట్టేదెలా?

బడి గడప – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. వంటకు కొత్తామె వచ్చినప్పటి నుంచి ఆరు, ఏడు తరగతుల్లో పదిహేను మంది దాకా ఇంటి నుంచి క్యారేజీలు తెచ్చుకుని వేపచెట్టు కింద వేరుగా కూర్చుంటున్నారు. వంటామె దళిత మహిళ. పిల్లల్ని అడిగితే "అమ్మ తినొద్దంది సార్" అంటున్నారు. గట్టిగా మాట్లాడితే ఊళ్లో గొడవవుతుందని హెడ్మాస్టరు గారు వెనకాడుతున్నారు.
– సోషల్ టీచర్, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు ఒక వారం ఎవర్నీ ఏమీ అనకుండా లెక్క రాయండి: రోజూ ఎంతమంది తిన్నారు, ఎవరు క్యారేజీ తెచ్చారు, ఆ రోజు మెనూ ఏమిటి. కోడిగుడ్డు పెట్టిన రోజు కూడా క్యారేజీలు తగ్గలేదంటే రుచి కారణం కాదు. తగ్గాయంటే సగం జబ్బు వంటలోనే ఉంది. అప్పుడు తూకం చూడండి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు ఒక్కొక్కరికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు లెక్క. వంద మంది తింటుంటే పప్పు మూడు కిలోలు పడాలి. పప్పు తగ్గించి, పిల్లలు తినకపోతే ఆ నెపం కులం మీదకు నెట్టేవాళ్లుంటారు. కులపట్టింపును "రుచి బాలేదు" అనే మాట చాటున దాచేవాళ్లూ ఉంటారు. మీ బడిలో ఏది జరుగుతోందో మీ లెక్కే చెబుతుంది.

పట్టింపే అని తేలితే పిల్లల్ని నిలదీయకండి. అమ్మ మాటకూ సారు మాటకూ మధ్య నలిగేది వాళ్లే. మొదట కదలాల్సింది పెద్దవాళ్లు. వడ్డనకు ముందు ఒక టీచరుతో సహా ఇద్దరు ముగ్గురు పెద్దలు రుచి చూడాలన్నది ఎలాగూ నిబంధనే. గరిటెతో అరచేతిలో వేయించుకుని నాకి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లిపోతే పని జరగదు. హెడ్మాస్టరు గారు, మీరు పళ్లేలు పట్టుకుని పిల్లల బంతిలో కూర్చుని కనీసం రెండు వారాలు వరసగా తినండి. స్టాఫ్ రూములో టీచర్ల క్యారేజీలు తెరుచుకుంటున్నంత కాలం వేపచెట్టు కింద క్యారేజీలు మూతపడవు.

తర్వాత బడి యాజమాన్య కమిటీ. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. సమావేశం సాయంత్రం కాకుండా మధ్యాహ్నానికి కాస్త ముందు పెట్టండి. ఎజెండాలో "కులవివక్ష" అని రాస్తే రావలసినవాళ్లు రారు. "భోజనం నాణ్యత" అని రాయండి. మాటలయ్యాక అందరికీ అదే వంట, వంటామె చేతి మీదుగానే వడ్డించాలి. అక్కడ తిన్న తల్లి ఇంటికెళ్లి పిల్లాడికి వద్దని చెప్పడం కష్టం.

వంటామెను మార్చమన్న డిమాండ్ రావచ్చు. దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి. వంటవాళ్ల, సహాయకుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యమివ్వాలని 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ మాట మినిట్స్‌లో ఎక్కించి సంతకాలు తీసుకోండి. గొడవ సద్దుమణగడానికి ఒకసారి ఆమెను తప్పించారంటే, తర్వాత వచ్చే ఎవరినైనా ఇదే దారిలో తప్పిస్తారు.

కూర్చునే పద్ధతి కూడా మార్చాలి. వరసలు హాజరు నంబర్ల ప్రకారం వేయండి, ప్రతి సోమవారం వేరే నంబరుతో మొదలుపెట్టండి. క్యారేజీ తెచ్చుకున్నవాళ్లూ ఆ బంతిలోనే కూర్చోవాలి. ఏం తింటారన్నది వాళ్లిష్టం, ఎక్కడ కూర్చుంటారన్నది బడి నియమం. మంచినీళ్లకు కుండా చెంబూ ఉంటే ఎవరు ముంచాలన్న పేచీ వస్తుంది. కుళాయి బిగించిన డ్రమ్ము పెడితే ఆ పేచీ పుట్టదు.

పనిలో పనిగా ఇంకో రెండు చోట్ల కన్నేయండి. చీపురు పట్టేదీ, బకెట్ మోసేదీ రోజూ ఆ నలుగురేనా? అయితే తేదీలు, పేర్లతో పట్టిక రాసి గోడకు అంటించండి. మరుగుదొడ్డి కడిగించే పని ఏ పిల్లకూ వద్దు. రెండోది స్కాలర్‌షిప్పు. "ఎస్సీ స్కాలర్‌షిప్పు వాళ్లు లేవండి" అని తరగతిలో పిలవడం చాలా బళ్లలో మామూలే. అన్నవాళ్లకు అందులో తప్పు కనబడదు, నలభై మంది చూస్తుండగా లేచిన పిల్లకు మాత్రం ఆ క్షణం ఏళ్ల తరబడి గుర్తుంటుంది. కులం వివరం అడ్మిషన్ రిజిస్టరులో ఉండనే ఉంది. అందులోంచి జాబితా రాసుకుని, కావలసిన కాగితాల పేర్లు చీటీ మీద రాసి, మడిచి పిల్ల చేతికివ్వండి. లేదా తల్లిదండ్రులకే ఫోన్ చేయండి.

ప్రశ్న: ఒకటో తరగతికి ఇరవై మంది గోండు పిల్లలు వచ్చారు. నెల దాటినా నోరు విప్పరు. "మందబుద్ధి" అని తోటి టీచర్లు అంటున్నారు.
– ఎస్జీటీ (ప్రాథమిక పాఠశాల టీచరు), ఉట్నూరు మండలం

జవాబు: ఆ పిల్లలు మందబుద్ధులు కారు. వాళ్లకు రానిది తెలుగు ఒక్కటే. పిల్ల "ఏర్" అంటే మనకు వాగు గుర్తొస్తుంది. గోండిలో ఆ మాటకు నీళ్లని అర్థం. దాహమని చెప్పిన పిల్లను "వాగు దగ్గరికెందుకు, కూర్చో" అని కసిరితే ఇక రెండోసారి ఎందుకు అడుగుతుంది?

ఒక నోటుబుక్కులో అరవై మాటలు రాసుకోండి. నీళ్లు, ఒంటేలు, కడుపునొప్పి, ఆకలి, భయం, ఇంటికెళ్తా లాంటివి ముందు, పలక, బలపం తర్వాత. ఊళ్లో ఒక అమ్మమ్మనో, పై తరగతి పిల్లనో పక్కన కూర్చోబెట్టుకుని తెలుగు లిపిలోనే ఉచ్చారణ రాసుకుంటే వారం రోజుల పని. మొదటి ఆరు వారాలు అక్షరాల జోలికి వెళ్లకండి. పాట, కథ, లెక్కింపు అన్నీ గోండిలోనే జరగనివ్వండి, ఒక్కో తెలుగు మాట పక్కన చేర్చుకుంటూ పోండి. అక్షరాలతో మొదలుపెట్టిన చోట పిల్లలు "అ అంటే అమ్మ" అని అప్పజెబుతారు గానీ బొమ్మ చూపిస్తే చెప్పలేరు. మాట రాకముందే అక్షరం వచ్చిందన్నమాట.

ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోలామి, కోయ, సవర సహా ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేశారు. మండల విద్యావనరుల కేంద్రంలో పాత ప్రతులు దొరుకుతాయేమో అడగండి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారే సవర పిల్లలకు సవరలో చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని, వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసి, ఆ మర్నాడే గోండిలో మాట్లాడిన పిల్లకు గుంజీలు తీయించే బళ్లున్నాయి.

ప్రశ్న: మా పాపకు వినికిడి లోపం, మిషన్ పెట్టాం. మూడో తరగతికి ప్రైవేటు బడిలో "మా దగ్గర సౌకర్యాల్లేవు, స్పెషల్ స్కూల్లో వేయండి" అన్నారు.
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అలా అనే హక్కు వాళ్లకు లేదమ్మా. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 16వ సెక్షన్ ప్రభుత్వ నిధులు తీసుకునే బళ్లకే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడికీ వర్తిస్తుంది. కాదన్న మాట రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. చాలామంది అక్కడే తగ్గుతారు. తగ్గకపోతే మండల విద్యాధికారికి, రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయండి. 40 శాతం, ఆపైన లోపమున్నట్టు సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగులకిచ్చే గుర్తింపు కార్డు) ఇప్పుడే చేయించుకోండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మీ మండలంలో నడిచే భవిత కేంద్రంలో ఉండే రిసోర్స్ పర్సన్‌ను కలవండి.

సీటు దొరికాక అసలు పని మొదలవుతుంది. ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసి క్లాస్ టీచరుకివ్వండి. మిషన్ మాటనూ చప్పుడునూ కలిపే పెంచుతుంది, అందుకే టీచరు ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉంటేనే మాట తేటగా అందుతుంది. పాపను ముందు బెంచీలో, బాగా వినపడే చెవి టీచరు వైపుండేలా, చప్పుడు చేసే ఫ్యానుకూ రోడ్డు వైపు కిటికీకీ దూరంగా కూర్చోబెట్టాలి. టీచరు బోర్డు వైపు తిరిగి రాస్తూ పాఠం చెప్పకూడదు, పెదాలు కనబడవు. వెలుతురు టీచరు మొహం మీద పడాలి. కిటికీకి వీపు పెట్టి నిలబడితే మొహం నీడలో పోతుంది. "అర్థమైందా?" అని అడిగితే ఏ పిల్లయినా తలూపుతుంది, "నేనేం చెప్పాను?" అని అడగాలి. బడి సంచిలో అదనపు బ్యాటరీలు ఎప్పుడూ ఉంచండి. పాప ఉన్నట్టుండి పరధ్యానంగా ఉందంటే తిట్టే ముందు బ్యాటరీ చూడాలని టీచరుకు చెప్పండి.

ప్రశ్న: ఇటుక బట్టీల్లో పనికొచ్చిన ఒడియా కుటుంబాల పిల్లలు జనవరిలో బడికొస్తామంటున్నారు. టీసీ లేదు, పుట్టినతేదీ కాగితం లేదు. చేర్చుకోవచ్చా?
– హెడ్మాస్టరు, పెద్దపల్లి జిల్లా

జవాబు: చేర్చుకోవాల్సిందే. వయసు రుజువు లేదని చేర్చుకోకుండా పంపడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు, టీసీ ఆలస్యమైందన్న సాకు కూడా చెల్లదు. వయసుకు తగిన తరగతిలోనే వేయాలి. తొమ్మిదేళ్ల పిల్లను అక్షరాలు రావని ఒకటిలో కూర్చోబెడితే సిగ్గుతో నాలుగో రోజుకు మానేస్తుంది. చదువు అందుకోవడానికి విడిగా శిక్షణ ఇప్పించాలి. ఒడియా, హిందీ రెండూ కాస్త వచ్చిన పెద్ద పిల్లను జతచేయండి. లెక్కలతో మొదలుపెట్టండి, అంకెలకు భాష అంతగా అడ్డురాదు. వానలు పడే ముందు బట్టీ మూసి వాళ్లు ఊరికి వెళ్లిపోతారు. ఆ కబురు మనకు ముందు రోజు రాత్రి గానీ తెలియదు. కాబట్టి ఏప్రిల్లోనే పిల్ల పేరు, తరగతి, చదివిన రోజులు, ఏం వచ్చో ఒక కాగితం మీద రాసి, బడి ముద్ర వేసి తల్లి చేతికివ్వండి.

ప్రశ్న: విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడిలో 25 శాతం ఉచిత సీటులో చేరిన మా బాబును, అలాంటి పిల్లలందరితో కలిపి వేరే సెక్షన్‌లో వేశారు. ఇది సరైనదేనా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: కాదు. ఆ సీట్లలో చేరిన పిల్లలను తరగతి గదిలో మిగతావాళ్ల నుంచి విడదీయకూడదని, వేరే చోట, వేరే వేళల్లో తరగతులు పెట్టకూడదని విద్యాహక్కు నిబంధనల్లోనే ఉంది. మిగతా తల్లిదండ్రులతో కలిసి సెక్షన్ జాబితా జతచేసి మండల విద్యాధికారికి అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఒక్కరే వెళితే బాబును మాత్రం ఇంకో సెక్షన్‌కు మార్చి ఊరుకుంటారు.