ఉంటే, ఉంటేనే

ప్రశ్న: ఎల్‌శాట్‌కి (అమెరికా లా కాలేజీల్లో చేరడానికి రాసే పరీక్ష) నాలుగు నెలలుగా ప్రిపేర్ అవుతున్నాను. లాజికల్ రీజనింగ్‌లో ‘పై వాక్యాలు నిజమైతే కింది వాటిలో ఏది తప్పక నిజం?’ అనే ప్రశ్నలు వస్తే ఆగిపోతున్నాను. మూడు ఆప్షన్లు తేలిగ్గానే కొట్టేస్తాను. మిగిలిన రెండింటిలో మాత్రం ఎప్పుడూ తప్పుదే పెడుతున్నాను. టైమ్ చూసుకుంటే టెన్షన్. విడిగా లాజిక్ కోర్సు ఏదైనా చేయాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: కోర్సు అక్కర్లేదండీ. ఐదింటిలో మూడు సరిగ్గా కొట్టేస్తున్నారంటే చదివింది మీకు అర్థమవుతోంది. చిక్కంతా ఆ చివరి రెండింటి దగ్గరే.

నేను ఈ పరీక్ష రెండుసార్లు రాశాను. మొదటిసారి స్కోరు చూసి ఏడ్చాను. ఆ తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టుకుని, తప్పు పెట్టిన ప్రతి ప్రశ్నకూ ‘ఈ ఆప్షన్ నాకెందుకు నచ్చింది’ అని తెలుగులో ఒక్క వాక్యం రాసుకున్నాను. ముప్పై నలభై ప్రశ్నలయ్యాక తిరగేస్తే, పేజీ పేజీకీ ఒకటే మాట: ‘ఇలాగే జరిగి ఉంటుంది కదా’. ఉండొచ్చు. కానీ వాళ్లు అడుగుతున్నది ‘జరిగి తీరాలా’ అని.

నేనే తయారుచేసిన ఒక లెక్క చూడండి. ఒక ఆర్కైవ్‌లో చేతిరాత ప్రతులున్నాయి. స్కాన్ చేసి ఉంటేనే ఏ ప్రతినైనా ప్రదర్శనలో పెడతారు. పూర్తిగా పాడైన ప్రతి దేన్నీ స్కాన్ చేయరు. ఈ ఏడాది వచ్చిన ప్రతుల్లో కొన్ని పూర్తిగా పాడైపోయాయి. ఇప్పుడు మీ చేతిలో రెండు ఆప్షన్లు మిగిలాయనుకోండి. ఒకటి: ఈ ఏడాది వచ్చిన వాటిలో కొన్ని ప్రదర్శనలో ఉన్నాయి. రెండు: ఈ ఏడాది వచ్చిన వాటిలో కొన్ని ప్రదర్శనలో లేవు.

మొదటిది ఎంత సహజంగా వినిపిస్తుందో చూశారా? ‘కొన్ని పాడయ్యాయి’ అనగానే ‘మిగతావి బాగున్నాయి’ అని మనసు పూరించేస్తుంది. రోజువారీ మాటల్లో ‘కొన్ని’ అంటే ‘అన్నీ కాదు’ అనే అర్థం. ఈ పరీక్షలో ‘కొన్ని’ అంటే కనీసం ఒకటి. అన్నీ కూడా కావచ్చు. వచ్చినవన్నీ పాడైపోయాయనుకోండి. పైన చెప్పిన మూడు వాక్యాలూ చెక్కుచెదరవు, మొదటి ఆప్షన్ మాత్రం అబద్ధమైపోతుంది. అలాంటి ఒక్క సందర్భం ఊహించగలిగితే చాలు, ఆ ఆప్షన్ పోయినట్టే. రెండోదాన్ని అలా పడగొట్టడానికి ప్రయత్నించండి. పాడైంది స్కాన్ కాదు, స్కాన్ కానిది ప్రదర్శనకు రాదు. ఎటు నుంచి తోసినా పడదు.

చివరి రెండింటి దగ్గర మీరు చేయాల్సింది ఇదే. ఏది బాగుందో పోల్చకండి, ఒక్కోదాన్నీ పడగొట్టి చూడండి.

ఇంకో గుంట ‘ఓన్లీ ఇఫ్’. నేను ఎక్కువసార్లు పడింది ఇందులోనే. చివరికి గట్టెక్కించింది తెలుగే. ‘స్కాన్ చేసి ఉంటే పెడతారు’, ‘స్కాన్ చేసి ఉంటేనే పెడతారు’: తేడా ఆ చివరి ‘నే’ ఒక్కటే. ‘ఉంటే’లో స్కాన్ చేయడం ఒక్కటే సరిపోతుంది. ‘ఉంటేనే’లో స్కాన్ తప్పనిసరి, కానీ సరిపోతుందన్న హామీ లేదు. ప్రదర్శనలో ఉందంటే స్కాన్ అయిందని చెప్పగలం. స్కాన్ అయింది కాబట్టి ప్రదర్శనలో ఉందని చెప్పలేం. ‘అన్‌లెస్’ కూడా అంతే, ‘ఉంటే తప్ప’ అని చదువుకోండి. ‘అనుమతి ఉంటే తప్ప గది తెరవరు.’ గది తెరిచి ఉంటే అనుమతి ఉన్నట్టే. అనుమతి ఉన్నంత మాత్రాన గది తెరుస్తారని ఎవరూ అనలేదు.

‘మోస్ట్’ అంటే సగానికి మించి. ప్రదర్శనలోని శిల్పాల్లో సగానికి మించి రాతివి, సగానికి మించి అరువు తెచ్చినవి అంటే, రెండూ అయినది కనీసం ఒకటి ఉండి తీరాలి. పది శిల్పాల్లో ఆరు, ఆరు వేసి చూడండి, తెలిసిపోతుంది.

సరైన జవాబు చాలాసార్లు చప్పగా ఉంటుంది. ‘కొన్ని’, ‘కనీసం ఒకటి’, ‘కావచ్చు’ లాంటి మెత్తని మాటలతో వస్తుంది. ‘ఇంతేనా?’ అనిపించిందని దాన్ని వదిలేయకండి. ‘మోస్ట్ స్ట్రాంగ్లీ సపోర్టెడ్’ (పై వాక్యాలు దేన్ని ఎక్కువగా బలపరుస్తాయి) అని అడిగినప్పుడు పట్టు కాస్త సడలుతుంది కానీ, అక్కడా బయట తెలిసిన సంగతులు కలపకూడదు.

టైమ్ సంగతి. సెక్షన్‌కి 35 నిమిషాలు, పాతిక ప్రశ్నల దాకా ఉంటాయి. ఒక్కోదానికి నిమిషంన్నర కూడా రాదు. అందుకే ప్రతిదానికీ ‘ఇది ఉంటే అది’ అని చూపించే బాణాలు గీయకండి, షరతులు రెండు మూడు గొలుసుగా వచ్చినప్పుడే గీయండి. తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి ఏదీ ఖాళీగా వదలకండి. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ (షరతుల ప్రకారం వరసలు, జట్లు అమర్చే పజిల్స్ సెక్షన్) తీసేశారు. లెక్కలోకి వచ్చే మూడు సెక్షన్లలో రెండు లాజికల్ రీజనింగే. మీరు ఇక్కడ పెట్టే శ్రమ నేరుగా స్కోరులో కనిపిస్తుంది.

ఈ రెండు వారాలు కొత్త టెస్టులు రాయకండి. ఇప్పటిదాకా తప్పు పెట్టినవి బయటికి తీసి, గడియారం పక్కన పెట్టేసి, రోజుకు ఐదు చేయండి. పెట్టిన తప్పు ఆప్షన్‌ను అబద్ధం చేసే సందర్భం ఒకటి ఊహించి రాయండి. మీకు అస్సలు దొరకనిది ఏదైనా ఉంటే నాకు పంపండి, ఇద్దరం కలిసి చూద్దాం.