పెళ్లికొడుకు గదిలో బూట్ల ఫొటోలు తీయకండి

మీరు రాసినదాని ప్రకారం వచ్చే నెలలో మీ పిన్ని కొడుకు పెళ్లి. ముహూర్తం రాత్రి 2 గంటల 10 నిమిషాలకు. అసలు ఫొటోగ్రాఫరు పెళ్లికూతురి దగ్గర ఉంటాడు కాబట్టి పెళ్లికొడుకు తయారయ్యే గది మీకు అప్పగించారు. చేతిలో ఒక కెమెరా, ఒక 50 ఎం.ఎం. లెన్సు ఉన్నాయి. తీయాల్సిన ఫొటోల జాబితా ఇవ్వమన్నారు. ఇవ్వను. అలాంటి జాబితా జేబులో పెట్టుకుని వెళ్లే, ఫొటోలు తీసిన మొదటి పెళ్లిలో నేను పరువు పోగొట్టుకున్నాను.

పదకొండేళ్ల కిందట, కాకినాడ దగ్గర ఒక ఊళ్లో. విదేశీ పెళ్లి ఆల్బములు చూసి పని నేర్చుకుంటున్న రోజులు. మంచం మీద చేతిగడియారం, సెంటు సీసా, ఉంగరం, కొత్త బూట్లు అందంగా పేర్చి పావుగంట సేపు ఫొటోలు తీశాను. తల తిప్పి చూస్తే పెళ్లికొడుకు నాన్నగారు కొడుక్కి పంచె కట్టడం పూర్తి చేసి, నేల మీద గొంతుక్కూర్చుని కుచ్చిళ్లు సవరిస్తున్నారు. అదీ అయిపోవచ్చింది. ఆల్బము ఇచ్చిన రోజు పెళ్లికొడుకు అమ్మగారు పేజీలన్నీ తిప్పి ఒక్కటే అడిగారు: "మా ఆయన పంచె కడుతున్న ఫొటో లేదా బాబూ?" లేదు. బూట్లవి మాత్రం తొమ్మిది ఉన్నాయి. ఆ బూట్లు ఆ అబ్బాయి ఆ రాత్రి వేసుకోనే లేదు. చెప్పులు లేకుండా పీటల మీదకు వెళ్లే మనిషికి బూట్లెందుకని నాకు అప్పటిదాకా తట్టలేదు!

మన పెళ్లికొడుకు తనంతట తాను తయారు కాడు, నలుగురూ కలిసి తయారు చేస్తారు. నలుగు పెట్టే చేతులు వేరు, మంగళస్నానం తర్వాత తల తుడిచే చేతులు వేరు. పంచె కట్టేది తండ్రో మేనమామో. బుగ్గన చుక్క పెట్టేది అక్కో అత్తో. కాళ్లకు పారాణి, నుదుట కల్యాణ తిలకం, ఆ పైన బాసికం, ఒక్కొక్కదానికి ఒక్కొక్కరు ముందుకు వస్తారు. కాబట్టి ఆ చేతులు, ఆ చేతుల వెనకున్న ముఖాలు తీయండి. పెళ్లికొడుకు ఒక్కడి ఫొటోలు తర్వాత మండపంలో వందల్లో వస్తాయి.

వెళ్లగానే ఇంటి పెద్దవాళ్లను అడగవలసినది ఒక్కటే: పంచె ఎవరు కడతారు, బాసికం ఎవరు కడతారు, ఎప్పుడు? ఇప్పుడు కొందరు అతికించే పట్టీ ఉన్న రెడీమేడ్ పంచె తెస్తున్నారు, అది అర నిమిషంలో అయిపోతుంది. అలాగైతే తండ్రి చేత కండువా వేయించమని నేనే బతిమాలుకుంటాను. ఇదొక్కటే నేను చొరవ తీసుకుని అడిగే భంగిమ. పెళ్లికొడుకును చేయడం కొందరి ఇళ్లలో రెండు మూడు రోజుల ముందే అయిపోతుంది, కొందరు ఆ ఉదయమే చేస్తారు. అది మాత్రం ముందే కనుక్కోండి. స్నాతకం, కాశీయాత్ర ఉన్న ఇల్లయితే గొడుగు, చేతికర్ర పట్టుకుని అతను బయలుదేరే సమయానికి మీరు వీధిలో ఉండాలి, గదిలో కాదు.

సమయం లెక్క పురోహితుడి దగ్గర తీసుకోండి. బంధువులు ముహూర్తం వేళే చెబుతారు. ముహూర్తమంటే జీలకర్ర బెల్లం తల మీద పెట్టే క్షణం. అబ్బాయి అంతకు గంట, గంటన్నర ముందే పీటల మీద కూర్చోవాలి. మీ 2:10 పెళ్లికి అతను రాత్రి పన్నెండున్నర ప్రాంతంలో గది దాటుతాడనుకోండి. మీరు పదిన్నరకు అక్కడ ఉండాలి.

ఇక వెలుతురు. కల్యాణ మండపాల్లో పెళ్లికొడుకు గది అంటే చాలాచోట్ల కిటికీ లేని పెట్టె: గోడలకు ఆకుపచ్చ రంగు, ఒక ట్యూబులైటు, రెండు ఎల్ఈడీ బల్బులు, మంచం నిండా సూట్‌కేసులు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. అంటే సెకనుకు యాభై ఆవర్తనాలు, ఒక్కోదానిలో రెండుసార్లు చొప్పున చవక బల్బులు సెకనుకు వందసార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటాయి. షట్టరు వేగం 1/50 లేదా 1/100 సెకను దగ్గర పెట్టండి. అంతకంటే వేగంగా పెడితే ఫొటోలో అడ్డంగా నల్ల చారలు రావచ్చు, చప్పుడు రాని ఎలక్ట్రానిక్ షట్టరుతో ఇంకా ఎక్కువ. ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా చూపే సున్నితత్వం) 3200కు భయపడకండి. ఫ్లాషును పైకప్పుకు కొట్టి వెనక్కి రప్పించడం మంచిదే, కానీ రంగు గోడకు కొడితే పెళ్లికొడుకు ముఖం ఆ రంగులోకి మారుతుంది.

రకరకాల లైట్లు కలిసి వెలుగుతుంటే చర్మం రంగు ఎటూ కుదరదు. ఒక రకమే ఉంచి మిగతావి ఆపేయాలి. ఒకసారి నేనే స్విచ్ నొక్కితే పెళ్లికొడుకు నాయనమ్మ "పెళ్లింట్లో లైటు ఆర్పుతావేమిటి నాయనా" అని అందరి ముందూ చీవాట్లు పెట్టారు. అప్పటినుంచి ఆ పని పెళ్లికొడుకు తమ్ముడి చేత చేయిస్తున్నాను. సొంత మనవణ్ణి ఎవరూ ఏమీ అనరు.

తెల్ల పంచె కెమెరాను మోసం చేస్తుంది. అంత తెలుపు చూసి ఫొటోను మసకబారుస్తుంది, ముఖం నల్లబడుతుంది. ఎక్స్‌పోజరును (ఫొటోలో పడే వెలుతురును) మూడింట రెండు వంతుల స్టాపు పెంచి (ఒక స్టాపంటే వెలుతురు రెట్టింపు), జరీ అంచు తెల్లగా పేలిపోతోందేమో చూసుకోండి. నలుగు తర్వాత చెవుల వెనక, మెడ మీద పసుపు మిగులుతుంది. వైట్ బ్యాలెన్సును (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేసే అమరికను) కెమెరాకు వదిలేస్తే ఒక్కో ఫొటో ఒక్కో రంగులో వస్తుంది. పంచెనే కొలతగా తీసుకుని మీరే స్థిరంగా పెట్టండి. కాకపోతే కొత్త బట్టలకు కొసల్లో పసుపు రాస్తారు, అక్కడ మాత్రం కొలవకండి. రా ఫైలు (రంగులు తర్వాత మార్చుకోగలిగే ముడి ఫైలు) తీస్తే ఈ తిప్పలు సగం తగ్గుతాయి.

50 ఎం.ఎం. లెన్సులో పట్టే దృశ్యం ఆ గదికి ఇరుకు. చిన్న సెన్సరు కెమెరా అయితే మరీను. ఒక్కరోజుకు ఇంకాస్త వెడల్పుగా పట్టే 35 ఎం.ఎం. అద్దెకు దొరికితే తీసుకోండి. దొరక్కపోతే సూట్‌కేసులన్నీ ఒక మూలకు నెట్టించి, ఎదురు మూలలో గోడకు ఆనుకుని నిలబడండి. అద్దంలోంచి తీసేటప్పుడు వెనక తాడు మీద ఆరేసిన తువ్వాళ్లు కనిపిస్తున్నాయేమో గమనించండి. నావి రెండు మంచి ఫొటోలు అలాగే పోయాయి.

మరో మాట. చొక్కా లేకుండా నలుగురిలో నిలబడాలంటే చాలామంది అబ్బాయిలు ముడుచుకుపోతారు. ముందే ఏకాంతంగా అడిగి, వద్దంటే కండువా వేశాకే కెమెరా ఎత్తండి. స్నేహితుల గుంపు హాస్యాలాడుతుంటే వాళ్లను పంపించేయకండి. అతను నవ్వేది వాళ్లున్నప్పుడే.

ఏసీ గదిలోంచి ఒక్కసారిగా బయటి ఉక్కలోకి వస్తే లెన్సుకు ఆవిరి పడుతుంది. అందుకని కెమెరాతో సహా ఓ పది నిమిషాలు ముందే బయటికి వచ్చి, గుమ్మానికి ఎదురుగా నిలబడండి. తలుపు తీయగానే ఎర్రనీళ్లతో దిష్టి తీస్తారు. పళ్లెం చూసుకుని అడుగు వెనక్కి వేయండి, నా తెల్ల చొక్కా మీద మరక ఇంకా ఉంది.