బాబుతో తిరిగే మనిషికి నెలకి 14 వేలు, ఆపెయ్యాలా?

ప్రశ్న: మేం చెన్నై పెరంబూర్‌లో ఉంటాం, సొంతూరు నెల్లూరు దగ్గర. మా వారికి 54, అంబత్తూరు ఎస్టేట్‌లో ప్రైవేట్ కంపెనీ, చేతికి లక్షా పది వేలు వస్తుంది. బాబుకి 23, మేధో వైకల్యం 60 శాతం అని సర్టిఫికెట్ ఉంది. రెండేళ్ళుగా ఒక తమిళబ్బాయిని పెట్టుకున్నాం, రోజుకి నాలుగు గంటలు మా వాడొక్కడితోనే ఉంటాడు, బస్సు ఎక్కిస్తాడు, కొట్టుకి తీసుకెళ్తాడు, బీచ్‌కి తీసుకెళ్తాడు. నెలకి 14 వేలు. ఇంట్లో పెద్దవాళ్ళు షికార్లకి అంత డబ్బా, అది ఆపేసి వాడి పేరున పాలసీ కట్టండి అంటున్నారు, ఏజెంట్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. మా ఆడపడుచు టెక్సస్‌లో ఉంటుంది, అక్కడ ఇలాంటి పిల్లలకి గవర్నమెంటే మనిషిని ఇస్తుందట. ఇక్కడ అలా ఏమీ లేదా? ఎఫ్‌డీలు 22 లక్షలు, పీఎఫ్ 38 లక్షలు, సొంత ఫ్లాట్ ఉన్నాయి. అమ్మాయికి 27, ఉద్యోగం చేస్తోంది. ఆస్తంతా తన పేరున పెట్టేస్తే తమ్ముణ్ణి చూసుకుంటుంది కదా అని మా వారి ఆలోచన.

జవాబు: ఆపొద్దమ్మా. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత లెక్కల్లోకి వెళ్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో రెండో పేజీలో మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మొదట్లో ఆ అబ్బాయి కౌంటర్ దగ్గర బాబు పక్కనే నిలబడేవాడు, తర్వాత కొట్టు మెట్ల మీద, ఇప్పుడు వీధి మలుపులో నిలబడితే చాలు, బాబే యాభై నోటు ఇచ్చి ఆవిన్ పాల ప్యాకెట్ తీసుకుని చిల్లర వచ్చేదాకా కదలకుండా ఉంటాడు అని రాశారు చూడండి. మీ పెద్దవాళ్ళు షికారు అంటున్నది దీన్నే. నా లెక్కలో మీ ఇంట్లో ఉన్న పెట్టుబడులన్నిట్లో దీనంత రాబడి ఇచ్చేది ఇంకోటి లేదు, ఎలాగో చెప్తా.

రూపాయలు పక్కన పెట్టి గంటలు లెక్కేయండి. రోజుకి నాలుగు గంటలు, నెలకి పాతిక రోజులు, అంటే వంద గంటలు, గంటకి 140 పడుతోంది. ఏడాదికి 1,68,000. బాబుకి 70 ఏళ్ళు వచ్చేదాకా అంటే ఇంకో 47 ఏళ్ళు. మనుషుల జీతాలు ఏటా ఎంత పెరుగుతాయో మీ డబ్బు కూడా పన్ను పోను అంతే పెరుగుతుందనుకుంటే, ఈరోజు రూపాయల్లోనే లెక్క వేసేసుకోవచ్చు, గుణిస్తే 79 లక్షలు దగ్గరికొస్తుంది. ఆ అంకె చూసి గాభరా పడకండి, పక్కనే ఇంకో లెక్క వేద్దాం. వచ్చే ఐదేళ్ళూ ఇదే వంద గంటలు ఉంచి, ఈ లోపు బాబు కొట్టు, గుడి, తెలిసిన ఒక బస్సు రూటు లాంటివి సొంతంగా చేసుకోగలిగి ఆ తర్వాత నెలకి అరవై గంటలు సరిపోయాయనుకోండి, మొత్తం 51 లక్షల లోపు వస్తుంది. తేడా 28 లక్షలు! ఇంకోలా చెప్పాలంటే ఐదేళ్ళ తర్వాత నెలకి ఒక్క గంట శాశ్వతంగా తగ్గినా మిగిలిన 42 ఏళ్ళకీ కలిపి 70 వేలు మిగులుతుంది, ఏ పాలసీ బోనస్ ఇస్తుందండీ ఇంత. పది మందిని ఒక గదిలో కూర్చోబెట్టి రంగులేయించే చోట ఇది జరగదు అనను గానీ పాలకొట్టు దగ్గర చిల్లర కోసం ఆగడం పాలకొట్టు దగ్గరే వస్తుంది, పక్కన ఒకే మనిషి ఉండి నెమ్మదిగా వెనక్కి జరుగుతుంటేనే వస్తుంది.

అలాగని ప్రతి గంటా తగ్గించెయ్యాలన్న పట్టుదల పెట్టుకోకండి. ఆదివారం 29సీ ఎక్కి బెసెంట్ నగర్ బీచ్‌కి వెళ్ళి సుండల్ తిని రావడం ట్రైనింగ్ ఏం కాదు, మనందరం చేసే పనే, అది ఎప్పటికీ ఉండాలి. నేను ఉంచిన ఆ అరవై గంటల్లో అది కూడా ఉంది.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని గంటల సంగతి, అంటే మీవి. పొద్దున స్నానం దగ్గర్నుంచి రాత్రి మందు వేసేదాకా రోజుకి ఆరు గంటలు బాబుతో ఉంటున్నారనుకుందాం, నిజానికి ఎక్కువే అయ్యుంటుంది. నెలకి 180 గంటలు, అదే రేటున 25,200 రూపాయల పని, బిల్లు రాదు కాబట్టి ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు. మీ తర్వాత ఆ గంటలు ఎవరో ఒకరు చెయ్యాలి, కొన్ని అమ్మాయి చేస్తుంది, కొన్ని డబ్బిచ్చి కొనాలి, లేదా నలుగురైదుగురు కలిసి ఉండే ఇంట్లో పంచుకోవాలి. అందుకే మీ 60 లక్షలు మీ ఇద్దరి రిటైర్మెంట్‌కీ బాబు జీవితకాలానికీ రెండిటికీ చాలవు, ఇది సూటిగా చెప్పడమే మంచిది. మీ ఇద్దరి తర్వాత ఫ్లాటు బాబు ఖర్చుల కిందకి రావాల్సిందే, అద్దెగానో అమ్మిన డబ్బుగానో. ఆ విషయం అమ్మాయితో ఇప్పుడే, పెళ్ళి మాటలు మొదలవ్వకముందే, కూర్చుని మాట్లాడండి.

టెక్సస్ సంగతి నిజమే, కాకపోతే ఆడపడుచుగారు సగమే చెప్పినట్టున్నారు. అమెరికాలో మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య సాయం కింద వెయివర్ అని ఉంది, 1981లో తెచ్చారు, సంస్థల్లో పెట్టి చూడ్డానికి అయ్యే డబ్బుని ఇంటి దగ్గర, ఊళ్ళో తిరగడానికి తోడిచ్చే మనిషి మీద ఖర్చు పెట్టొచ్చని. ప్లాన్ రాసి ఇన్ని గంటలు అని మంజూరు చేస్తారు. కానీ అది అడగ్గానే వచ్చెయ్యదు, చాలా రాష్ట్రాల్లో వెయిటింగ్ లిస్టు, టెక్సస్‌లో అయితే ఏళ్ళ తరబడి. మన దగ్గర గంటల లెక్కన మనిషికి డబ్బు కట్టే స్కీమ్ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎక్కువ సహాయం కావాల్సినవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చని 38వ సెక్షన్ ఉంది గానీ దాన్ని నమ్ముకుని నెల బడ్జెట్ వెయ్యలేం. ఉన్నవి చిన్నచిన్నవి, అన్నీ తీసుకోండి. తమిళనాడు ప్రభుత్వం ఇచ్చే నెలకి 2,000 భరణం పెట్టుకున్నారో లేదో మీరు రాయలేదు, పెట్టుకోండి, దాంతో పధ్నాలుగు గంటలు వస్తాయి. మేధో వైకల్యం లాంటివి ఉన్నవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్ లక్ష రూపాయలదాకా, ఏడాదికి కట్టేది వందల్లోనే, ముందు మెడికల్ టెస్టులు ఉండవు, థెరపీ బిల్లులకి కూడా కొంత ఇస్తారు. ఆర్డినరీ సిటీ బస్సుల్లో బాబుకే కాదు తోడున్న మనిషికీ టికెట్ లేదు, రైల్లో కన్సెషన్ ఫారం ఉంటే స్లీపర్లో, థర్డ్ ఏసీలో ఇద్దరికీ 75 శాతం తగ్గుతుంది, నెల్లూరు వెళ్ళేటప్పుడు ఆ అబ్బాయిని కూడా తీసుకెళ్ళొచ్చు.

టాక్స్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. వైకల్యం ఉన్నవాళ్ళని పోషించే కుటుంబానికి 80డీడీ అని మనం ఇన్నాళ్ళూ పిలిచే మినహాయింపు, కొత్త చట్టంలో నంబరు మారిందిలెండి, అది 75 వేలు, వైకల్యం 80 శాతం గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే లక్షా పాతిక వేలు, ఖర్చు బిల్లులు చూపించక్కర్లేదు. కానీ పాత పన్ను పద్ధతిలోనే దొరుకుతుంది. మీ వారి మొత్తం జీతం ఏడాదికి పదిహేనున్నర లక్షల ప్రాంతంలో ఉంటుందనుకుని వేసి చూశా, హోమ్ లోన్, అద్దె క్లెయిమ్ లేకపోతే 80డీడీ, పీఎఫ్ లాంటి పొదుపులకిచ్చే 80సీ రెండూ పెట్టుకున్నా పాత పద్ధతిలో పన్ను రెండు లక్షలు దాటుతోంది, 2025-26లో వచ్చిన కొత్త శ్లాబుల్లో లక్షా ఐదు వేల చిల్లర. కాబట్టి ఆ 75 వేల మీద ప్రేమతో పాత పద్ధతి పట్టుకుని వేలాడొద్దు, మిగిలిన ఆ తొంభై వేల పైచిలుకు ఆ అబ్బాయికి ఆరు నెలల జీతం పైనే.

డబ్బు ఎక్కడ పెట్టాలి అన్నది. మీ వారికి 54 కాబట్టి రిస్క్ వద్దని అన్నీ ఎఫ్‌డీల్లో పెట్టుకున్నట్టున్నారు, మీ ఇద్దరి వరకూ అది బాగానే ఉంది, కానీ ఈ డబ్బులో పెద్ద భాగం 23 ఏళ్ళ కుర్రాడిది. పన్ను పోను ఎఫ్‌డీ వడ్డీ జీతాల పెరుగుదలని అందుకోలేదు, ఇందాక నేను వేసిన లెక్క అందుకున్నట్టు వేసింది. 22 లక్షల్లో ఐదు లక్షలు, అంటే మూడేళ్ళ తోడు జీతం, బాబు ఖర్చు అని విడిగా ఒక ఎఫ్‌డీ చేసి పెట్టండి, దాన్ని పెళ్ళికీ ఆస్పత్రికీ కూడా తాకకూడదు. ఏడు లక్షలు ఇంటి అవసరాలకి ఉంచుకోండి. మిగిలిన పది లక్షలు ఒకేసారి కాకుండా రెండేళ్ళ పాటు కొంచెం కొంచెంగా ఒక మామూలు నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లోకి, అంటే యాభై పెద్ద కంపెనీల షేర్లలో పెట్టే ఫండ్‌లోకి, మార్చండి, పదిహేనేళ్ళదాకా దాని వైపు చూడొద్దు. మీ వారు 58కి రిటైర్ అయితే పీఎఫ్ చేతికొచ్చిన మూడు నెలల లోపే సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో 30 లక్షలు వెయ్యండి, రిటైర్ అయ్యారు కాబట్టి 60 నిండక్కర్లేదు, ఆ మూడు నెలల గడువు మాత్రం దాటనివ్వొద్దు. ఇప్పటి 8.2 శాతం ప్రకారం మూడు నెలలకోసారి 61,500 వస్తుంది, తోడు మనిషి జీతం 42 వేలు పోను ఇంకా మిగులుతుంది. అన్నట్టు పీఎఫ్ పోర్టల్‌లో కుటుంబ వివరాల్లో బాబు పేరు, వైకల్యం ఉన్నట్టు ఎక్కించారా? పూర్తి శాశ్వత వైకల్యం అని నిర్ధారణ అయితే తండ్రి తర్వాత ఈపీఎస్ (పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ స్కీమ్) పిల్లల పెన్షన్‌కి వయసు పరిమితి లేదు. పెద్ద మొత్తం కాదు, 60 శాతం సర్టిఫికెట్‌కి ఆఫీసులో మెలికలు పెట్టొచ్చు కూడా, అయినా పేరు లేకపోతే అసలు అడిగే దారే ఉండదు.

అమ్మాయి పేరున అన్నీ పెట్టడం వద్దు. అమ్మాయి మంచిదే, అనుమానం ఆమె మీద కాదు. ఆమె పేరున ఉన్నది చట్టప్రకారం ఆమెదే, రేపు ఆమెకి అప్పులొచ్చినా, విడాకులైనా, తమ్ముడికంటే ముందే ఆమెకేమైనా అయినా అది బాబుది అని అడిగేవాళ్ళు ఎవరూ ఉండరు. ఏం రాయకుండా వదిలేసినా చిక్కే, హిందూ వారసత్వ చట్టం 28వ సెక్షన్ ప్రకారం వైకల్యం ఉందని వాటా పోదు, అంటే బాబుకి సమానంగా వాటా వస్తుంది, కానీ సంతకం పెట్టే మనిషి లేక ఫ్లాట్ అమ్మడానికీ కుదరదు, అద్దెకి అగ్రిమెంట్ రాయడానికీ కుదరదు. అందుకని మీ ఇద్దరూ చెరో వీలునామా రాసి, ఇద్దరూ పోయాక బాబు వాటా ఒక ట్రస్టులోకి వెళ్ళేలా రాయించండి, అమ్మాయి ఒక ట్రస్టీ, ఇంకొకరు బయటి మనిషి, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు కదిలేలా. ఆ ట్రస్టు దేనికి ఖర్చు పెట్టొచ్చో రాసేటప్పుడు తిండి, వైద్యం అని మాత్రమే రాసి వదిలేస్తారు లాయర్లు, మీరు పట్టుబట్టి బాబుతో ఒక్కడే బయటికెళ్ళే తోడు మనిషి జీతం, నెలకి కనీసం ఇన్ని గంటలు అని రాయించండి. రేపు ట్రస్టీ ఎవరైనా షికార్లకి డబ్బెందుకు అనకుండా.

గార్డియన్‌షిప్ కోసం కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి పెట్టుకోవాలి, 18 దాటాక తల్లిదండ్రులం కదా అంటే బ్యాంకు ఒప్పుకోదు, ఆ కమిటీ సర్టిఫికెట్ ఉంటే ఖాతా తెరవొచ్చని ఆర్‌బీఐ ఎప్పుడో చెప్పింది. అయితే గార్డియన్ అయ్యాక బాబు ఆస్తుల జాబితా ఆరు నెలల్లో ఇవ్వాలి, ఏటా లెక్కలూ ఇవ్వాలి, అందుకే పెద్ద మొత్తాలు నేరుగా బాబు పేరున కుప్పపొయ్యకుండా ట్రస్టు దారి చూపిస్తున్నా.

ఇక ఆ అబ్బాయి. ఈ ప్లాన్ మొత్తంలో అందరికంటే తొందరగా జారిపోయే మనిషి అతనే, ఏ స్విగ్గీలోనో ఇంకో మూడు వేలు ఎక్కువిస్తామంటే వెళ్ళిపోతాడు, తప్పు పట్టలేం. ఏటా జీతం మీరే పెంచండి, అడిగించుకోవద్దు, బ్యాంకులో వెయ్యండి, దీపావళికి ఒక నెల జీతం, నెలకి రెండు రోజులు జీతంతో సెలవు. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా, 436 రూపాయల జీవనజ్యోతి మీరే కట్టించండి, చెరో రెండు లక్షల కవరేజీ. ఆ సెలవు రోజుల్లో రావడానికి రెండో మనిషిని ఇప్పట్నుంచే అలవాటు చెయ్యండి, ముట్టుకాడులో ఉన్న నీప్‌మెడ్‌ అనే బహుళ వైకల్యాల జాతీయ సంస్థలో ఈ రంగంలో కోర్సులు చేస్తున్న పిల్లలుంటారు, అక్కడ అడిగి చూడండి. బాబుకి ఏ బస్సు స్టాపులో భయం, కొట్టులో జనం ఎక్కువుంటే ఏం చేస్తాడు, ఎప్పుడు వెనక్కి జరగాలి ఎప్పుడు పక్కనే ఉండాలి ఇవన్నీ ఆ అబ్బాయి బుర్రలోనే ఉన్నాయి, ఒక నోట్‌బుక్ కొనిచ్చి తమిళంలోనే రాయమనండి, అమ్మాయికి తమిళం చదవడం వచ్చు కదా.

ఏజెంట్‌కి మాత్రం ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒకటే అడగండి, ఏడాదికి లక్షా అరవై ఎనిమిది వేలు ఆ పాలసీకి కడితే మా వారికి ఏదైనా అయిన మర్నాటి నుంచి బాబుకి నెలనెలా ఎంతొస్తుంది, అది ఏటా పెరుగుతుందా, కాగితం మీద రాసిమ్మని. రాసిస్తే నాకు పంపండి చూస్తా, అప్పటిదాకా సంతకం పెట్టకండి.